బ్లాక్ అండ్ వైట్ ఇంక్‌జెట్ ప్రింట్లకు ఇంక్ లిమిట్ పెట్టుకునే పద్ధతి

మ్యాట్ పేపర్ మీద నలుపు పలచగా పడిందని చాలామంది ఇంకు పెంచుతారు. కొంతదూరం వరకు నలుపు ముదురుతుంది. తర్వాత ఆగిపోతుంది. ఇంకా పెంచితే వెనక్కి తిరిగి బూడిదరంగులోకి దిగుతుంది. పేపర్ పైపూత ఒక మేరకే ఇంకును పైన నిలబెట్టుకోగలదు. ఆ పూత నిండిపోయాక తడి పిగ్మెంట్‌ను లోపలికి లాగేస్తుంది, చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసి ముద్దలు కడతాయి. ఎంత ఇంకు వెయ్యాలో తేల్చేది ప్రింటర్ కాదు, పేపర్. అందుకే ప్రతి పేపర్‌కీ విడిగా లిమిట్, అంటే దాటకూడని ఇంకు మోతాదు, కనుక్కోవాలి.

మామూలు ఎప్సన్ డ్రైవర్‌లో ఈ లిమిట్ కనపడదు. మీరు ఎంచుకునే మీడియా టైప్ వెనకాల దాగి ఉంటుంది. ఒక్కో ఇంకు మీద నేరుగా చెయ్యి వెయ్యాలంటే రిప్ సాఫ్ట్‌వేర్ (డ్రైవర్ బదులు ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్) కావాలి. బ్లాక్ అండ్ వైట్ పనికి ఎక్కువమంది వాడేది రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్. అది షేర్‌వేర్ (ముందు వాడి చూసి తర్వాత డబ్బు కట్టేది), మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది ఎప్సన్ ష్యూర్‌కలర్ పి800, అందులో కంపెనీ ఇంకులే, పేపర్ హానెమ్యూలె ఫోటో రాగ్ 308. స్టైలస్ ప్రో 3880 ఉన్నవాళ్లకూ అడుగులు ఇవే.

మొదలుపెట్టే ముందు

నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే పరీక్ష ప్రింట్) తీయండి. ఒక్క గీత తెగినా ఆరోజు క్యాలిబ్రేషన్ (కొలిచి లిమిట్ పెట్టుకోవడం) జోలికి పోవద్దు. నాజిల్ మూసుకుపోయిన ఇంకు వరుస తక్కువ డెన్సిటీ (ముదురుతనం కొలత) చూపిస్తుంది. మీరు దాన్ని పేపర్ లోపం అనుకుని లిమిట్ పెంచేస్తారు. వారం తర్వాత హెడ్ శుభ్రమయ్యాక ప్రింట్లన్నీ నల్లగా ముంచెత్తుతాయి.

మ్యాట్ పేపర్‌కు మ్యాట్ బ్లాక్, గ్లాసీకి, బరైటాకు (డార్క్‌రూమ్ ఫోటో పేపర్‌లా మెరుపుండే రకం) ఫోటో బ్లాక్. తారుమారైతే ఏ లిమిట్ పెట్టినా లాభం లేదు. ఫోటో బ్లాక్ మ్యాట్ మీద చప్పగా పడుతుంది, మ్యాట్ బ్లాక్ గ్లాసీ మీద వేలితో రాస్తే ఊడి వస్తుంది. పి800లో రెండూ ఒకే దారిలో వెళ్తాయి కాబట్టి మార్చిన ప్రతిసారీ కొంత ఇంకు వృథా అవుతుంది. మ్యాట్ పేపర్లన్నీ ఒక విడతలో, గ్లాసీలన్నీ ఇంకో విడతలో పెట్టుకోండి.

రిజల్యూషన్, డిదర్ (చుక్కలను పరిచే పద్ధతి) రకం, ఏకదిశ ప్రింటింగా రెండుదిశలదా అన్నవి ఇప్పుడే నిర్ణయించుకుని రాసి పెట్టుకోండి. 1440 డిపిఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర కనుక్కున్న లిమిట్‌ను 2880 దగ్గర వాడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే చుక్కల సైజు, అమరిక మారిపోతాయి. ఫోటో పనికి 1440 చాలు. 2880తో వచ్చే తేడా కంటితో పట్టుకోవడం కష్టం, టైమ్ మాత్రం దాదాపు రెట్టింపు పడుతుంది.

ఎ4 షీట్లు ఐదారు పక్కన పెట్టుకోండి. అన్నీ ఒకే ప్యాకెట్‌లోవి అయి ఉండాలి.

1. క్యాలిబ్రేషన్ షీట్ తీయడం

క్వాడ్‌టోన్ రిప్‌తో పాటు ఇంక్ సెపరేషన్ అనే టిఫ్ చిత్రం వస్తుంది. ఎనిమిది ఇంకుల ప్రింటర్‌కు 8 అంకె ఉన్నదాన్ని తీసుకోండి. అందులో ఒక్కో ఇంకుకు ఒక్కో వరుస ఉంటుంది, ప్రతి వరుసలో 5 శాతం నుంచి 100 దాకా మెట్లు ఉంటాయి. ఈ ఫైల్‌ను ఫోటోషాప్‌లో తెరిచి సేవ్ చెయ్యొద్దు, ప్రొఫైల్ మార్చొద్దు. ఏ గడిలో ఏ ఇంకు పడాలో చెప్పేది ఆ ఫైల్‌లోని అంకెలే. అవి కాస్త కదిలినా ఒక వరుసలోకి ఇంకో ఇంకు చొరబడుతుంది.

మ్యాక్‌లో అయితే ప్రింట్ టూల్ నుంచి కలర్ మేనేజ్‌మెంట్ లేకుండా పంపండి. విండోస్‌లో క్వాడ్‌టోన్ విండోలోనే టిఫ్ తెరవండి. రెండిట్లోనూ క్యాలిబ్రేషన్ మోడ్ (కర్వ్ లేకుండా ఒక్కో ఇంకును నేరుగా వేసేది) ఎంచుకోండి. ఇంక్ లిమిట్ 100 ఉంచండి. పేపర్ పలచనిదో, చవకరకమో అయితే 100 దగ్గర షీట్ తడిసి పైకి లేచి హెడ్‌కు రాసుకునే ప్రమాదం ఉంది. అలాంటిదానికి 70తో మొదలుపెట్టండి. అప్పుడు షీట్ మీద 100 అని ఉన్న గడి నిజానికి 70 శాతమేనని గుర్తుంచుకోవాలి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు.

తీసిన షీట్‌ను చదునుగా పెట్టి ఆరనివ్వండి. మ్యాట్‌కు తొందరగా ఉంటే గంట, సాధ్యమైతే ఒక రాత్రి. గ్లాసీకి, బరైటాకు 24 గంటలు. తడి మీద కొలిచిన నలుపూ ఆరాక కొలిచిన నలుపూ ఒకటి కావు. విశాఖ, కాకినాడ వంటి తీరంలో వానాకాలం పేపరే గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది. ఆ రోజుల్లో ఆరడానికి ఇంకాస్త టైమ్ ఇవ్వండి, విప్పిన ప్యాకెట్‌ను మళ్లీ కవర్‌లో మూసి ఉంచండి.

2. కొలవడం

ఐ1ప్రో, కలర్‌మంకి లాంటి స్పెక్ట్రో (రంగు, ముదురుతనం కొలిచే పరికరం) ఉంటే నలుపు వరుసలోని ప్రతి గడి డెన్సిటీ రాసుకోండి. పరికరం ఎల్ విలువ (వెలుగు కొలత, 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు) మాత్రమే ఇస్తే దాంతోనూ పని జరుగుతుంది. డెన్సిటీ 1.6 అంటే ఎల్ సుమారు 18, 1.7 అంటే 15.5, 2.0 అంటే 9, 2.3 అంటే 4.5. మంచి మ్యాట్ పేపర్ 1.6, 1.7 మధ్య ఆగుతుంది. బరైటా 2 దాటుతుంది. మ్యాట్ మీద 2 కోసం ఇంకు పోస్తూ పోవడం డబ్బు దండగ.

స్పెక్ట్రో లేకపోతే ఫ్లాట్‌బెడ్ స్కానర్‌తో మ్యాట్ పేపర్ వరకు పని నడుస్తుంది. ఆటో కరెక్షన్లన్నీ ఆపి, షీట్ వెనక తెల్లకాగితం పెట్టి 16 బిట్ గ్రేలో స్కాన్ చేయండి. ప్రతి గడి మధ్యలో వెడల్పాటి సగటు తీసుకునేలా ఫోటోషాప్ ఐడ్రాపర్‌ను (రంగు అంకె చూపే పనిముట్టు) సెట్ చేసి అంకె చూడండి. స్కానర్ ఇచ్చే అంకె అసలు డెన్సిటీ కాదు. కానీ నలుపు ఎక్కడ పెరగడం ఆగిందో పట్టిస్తుంది, లిమిట్ పెట్టడానికి అది చాలు. గ్లాసీ లోతైన నలుపుల్లో మాత్రం మామూలు స్కానర్‌ను నమ్మొద్దు. 85 గడికీ 100 గడికీ ఒకే అంకె చూపిస్తుంది.

3. లిమిట్ ఎంచుకోవడం

నలుపు వరుసలో ఇలా వచ్చిందనుకుందాం:

30 శాతం: 1.42
40 శాతం: 1.56
45 శాతం: 1.61
50 శాతం: 1.64
55 శాతం: 1.65
60 శాతం: 1.65
70 శాతం: 1.63
80 శాతం: 1.60

అన్నిటికంటే పెద్ద అంకె 55, 60 దగ్గర ఉంది. అయినా లిమిట్ 50 పెట్టండి. 50 నుంచి 55కు వెళ్తే దక్కేది 0.01, ఏ కంటికీ ఆనదు. దానికోసం పదోవంతు ఇంకు అదనంగా పోస్తారు. పైగా శిఖరం మీదే నిలబడితే, పేపర్ ఇంకో బ్యాచ్ వచ్చినా గాలిలో తేమ మారినా నలుపు అవతలివైపు జారిపోతుంది. అప్పుడు 100 శాతం నలుపు కంటే 95 శాతం గడి ముదురుగా కనిపిస్తుంది, నీడల్లో వివరం తిరగబడుతుంది. 5 శాతం ఇంకు పెంచితే డెన్సిటీ 0.02 కూడా పెరగని చోటికి చేరారంటే, దానికి ముందు మెట్టు మీ లిమిట్.

గ్లాసీ, బరైటా మీద డెన్సిటీ వెనక్కి తిరగడం అంత స్పష్టంగా కనపడదు. అక్కడ కంటితో చూడాలి. షీట్‌ను కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకోండి. ఏ గడి దగ్గర రాగి మెరుపు మొదలైందో, ఏ గడి అంచు ఉబ్బినట్టుందో, ఎక్కడ జిడ్డుగా ఉందో గుర్తు పెట్టుకోండి. 24 గంటల తర్వాత తెల్లటి టిష్యూతో మెల్లగా రాయండి. టిష్యూకు నలుపు అంటితే ఆ గడి లిమిట్ దాటినట్టే. డెన్సిటీ ఇంకా పెరుగుతున్నా సరే, ఈ గుర్తుల కంటే ముందు మెట్టులోనే ఆగాలి.

మరో పరీక్ష. నల్లటి దిమ్మె మీద ఒక పిక్సెల్ మందం తెల్ల గీతలు, 6 పాయింట్ల తెల్ల అక్షరాలు పెట్టి ఒక చిన్న చిత్రం చేసుకోండి. దాన్ని 40, 50, 60 లిమిట్లతో ప్రింట్ చేసి భూతద్దంతో చూడండి. ఇంకు పాకిన చోట గీతలు పూడుకుపోతాయి. తెలుగు అక్షరాలతో చేస్తే ఇంకా మంచిది. ఒత్తులూ గుడులూ ఇంగ్లిష్ అక్షరాల కంటే ముందే మూసుకుపోతాయి, పరీక్ష కఠినమవుతుంది.

4. లిమిట్‌తో మళ్లీ ఒక షీట్

ఇప్పుడు క్యాలిబ్రేషన్ మోడ్‌లో ఇంక్ లిమిట్ 50 పెట్టి అదే టిఫ్‌ను మళ్లీ తీయండి. ఇక నుంచి 100 గడి అంటే మీ లిమిట్. నలుపు వరుస మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ముదురుతూ పోవాలి. చివరి మూడు గడులు ఒకేలా ఉంటే లిమిట్ ఇంకా ఎక్కువే, 5 తగ్గించండి.

ఇదే షీట్ నుంచి గ్రే ఇంకుల (లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్) బలం కూడా తీసుకోవాలి. లైట్ బ్లాక్ 100 గడి డెన్సిటీ 0.80 అనుకోండి. నలుపు వరుసలో 25 గడి 0.74, 30 గడి 0.84 ఉంటే 0.80 వచ్చేది 28 దగ్గర. లైట్ లైట్ బ్లాక్ 100 గడి 0.36 అనుకోండి. నలుపు 10 గడి 0.34, 15 గడి 0.48 ఉంటే సరిపోయేది 11. ఈ 28, 11 అంకెలే గ్రే విలువలు. ఏ ఇంకు ఎక్కడ ఆగి తర్వాతిది ఎక్కడ అందుకోవాలో సాఫ్ట్‌వేర్ వీటితోనే లెక్కగడుతుంది. ఇవి తప్పితే ఒక ఇంకు నుంచి ఇంకోదానికి మారే చోట ఆకాశంలోనో చర్మం మీదో పట్టీ కనిపిస్తుంది. లిమిట్ మార్చిన ప్రతిసారీ ఇవీ మారతాయి కాబట్టి పాత షీట్‌లోని అంకెలు వాడొద్దు.

5. కర్వ్ ఫైల్‌లో రాయడం

ఏ టోన్‌కు ఏ ఇంకు ఎంత పడాలో చెప్పేది కర్వ్ ఫైల్. మ్యాక్‌లో ఇది మామూలు టెక్స్ట్ ఫైల్, విండోస్‌లో కర్వ్ క్రియేషన్ విండో. నింపాల్సినవి ఇవి: ఇంకుల సంఖ్య 8, డిఫాల్ట్ ఇంక్ లిమిట్ 50, గ్రే భాగాలు 3. ఒకటోది నలుపు, విలువ 100. రెండోది లైట్ బ్లాక్, విలువ 28. మూడోది లైట్ లైట్ బ్లాక్, విలువ 11. ఏ ఇంకుకైనా విడిగా లిమిట్ రాయకపోతే డిఫాల్ట్ లిమిటే వర్తిస్తుంది. లీనియరైజ్ లైన్ (ఏడో అడుగులో వస్తుంది) ఇప్పటికి ఖాళీగా వదిలేయండి.

బ్లాక్ బూస్ట్ అని ఒక గడి కనిపిస్తుంది. నలుపు లిమిట్ 45 పెట్టి బూస్ట్ 50 రాస్తే, మిగతా చోట్ల 45 లెక్కనే నడిచి, పూర్తి నలుపు దగ్గరికి వచ్చేటప్పటికి మాత్రమే 50 అందుతుంది. మ్యాట్ పేపర్ మీద నీడలు మూసుకుపోకుండా చివరి నలుపును గట్టిగా తెచ్చుకోవడానికి ఇది పనికొస్తుంది. గ్లాసీకి సాధారణంగా అవసరం లేదు. బూస్ట్‌ను లిమిట్ కంటే 10 పైకి పెంచాల్సి వస్తోందంటే అసలు లిమిట్ తప్పు చోట పెట్టారని అర్థం.

6. మొత్తం ఇంకు లెక్క చూసుకోవడం

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు, గ్రేలో మచ్చలు వచ్చేది దీనివల్లే. అన్నిటికంటే ఎక్కువ తడి పడేది పూర్తి నలుపులో అనుకుంటాం, అది అన్నిసార్లూ నిజం కాదు. పూర్తి నలుపులో పడేది ప్రధానంగా ఒక్క ఇంకు. లైట్ బ్లాక్ శిఖరానికి చేరే చోట లైట్ లైట్ బ్లాక్ ఇంకా పూర్తిగా దిగి ఉండదు, నలుపు మొదలవుతూ ఉంటుంది. టోన్ కోసం లైట్ సయాన్, లైట్ మెజెంటా కలుపుతుంటే అవి కూడా తోడవుతాయి. అందుకే కొన్ని పేపర్ల మీద నలుపు శుభ్రంగా ఉండి, మధ్య గ్రేలు ఇసక చల్లినట్టు కనిపిస్తాయి.

కర్వ్ తయారయ్యాక వచ్చే క్వాడ్ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ఒక్కో ఇంకుకు 256 అంకెలు ఉంటాయి, గరిష్ఠం 65535. 50 లిమిట్ పెట్టిన నలుపు కాలమ్ చివర 32768 దరిదాపుల్లో ఉండాలి. లేకపోతే మీరు రాసిన లిమిట్ లోపలికి వెళ్లలేదు, బహుశా పాత ఫైలే ఇంకా నడుస్తోంది. ఎనిమిది ఇంకుల అంకెలను స్ప్రెడ్‌షీట్‌లో పక్కపక్క కాలమ్స్‌లో పెట్టి, ఒక్కో అడ్డవరుస మొత్తం తీసి 65535తో భాగించండి. ఎక్కడ మొత్తం అత్యధికమో అక్కడి గ్రేతో ఒక పెద్ద దిమ్మె ప్రింట్ చేసి చూడండి. మచ్చలుంటే నలుపు లిమిట్ ముట్టుకోకుండా లైట్ ఇంకుల లిమిట్ 5 చొప్పున తగ్గించి, గ్రే విలువలు మళ్లీ కొలవండి.

7. లీనియరైజేషన్

లీనియరైజేషన్ అంటే తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు సమానంగా దిగేలా సరిచేయడం. కొత్త కర్వ్‌తో, ఈసారి క్యాలిబ్రేషన్ మోడ్ తీసేసి, 21 మెట్ల చార్ట్ ప్రింట్ చేయండి. ఆరాక ఎల్ విలువలు కొలవండి. పేపర్ తెలుపు 96, నలుపు 17 అయితే ఒక్కో మెట్టుకు సుమారు 4 చొప్పున దిగాలి, నడిమి మెట్టు 56.5 దగ్గర ఉండాలి. మొదటి ప్రింట్‌లో అలా ఉండదు, ఉండక్కర్లేదు కూడా. కావలసింది ఒక్కటే: ప్రతి మెట్టూ ముందుదానికంటే ముదురుగా ఉండాలి. ఎక్కడైనా తిరగబడితే లీనియరైజేషన్ దాన్ని బాగుచెయ్యలేదు. తిరగబడింది చివరి రెండు మెట్లలో అయితే లిమిట్ ఎక్కువైంది. మధ్యలో అయితే గ్రే విలువలు తప్పాయి. తెలుపు వైపు మొదటి మెట్లలో అయితే కొలతలోనే పొరపాటు ఉండొచ్చు, మళ్లీ కొలిచి చూడండి.

అన్నీ వరుసగా ఉంటే లీనియరైజ్ డేటా అనే చిన్న ప్రోగ్రామ్‌లో కొలతల ఫైల్ వెయ్యండి. అది ఇచ్చే 21 అంకెల లైన్‌ను కర్వ్ ఫైల్‌లో అతికించండి. మళ్లీ ప్రింట్ చేసి సరిచూసుకోండి. ఒక లీనియరైజేషన్ మీద ఇంకోటి వేసే పని పెట్టుకోకండి. తేడా ఎక్కువగా ఉంటే ఆ లైన్ తీసేసి, గ్రే గామా (మధ్య గ్రేల ముదురుతనం మార్చే సెట్టింగ్) కాస్త కదిపి, ఖాళీ కర్వ్ నుంచి మళ్లీ రండి.

లిమిట్ తర్వాత మార్చాలనిపిస్తే నాలుగో అడుగు నుంచి మళ్లీ చెయ్యాల్సిందే. లిమిట్ మార్చి పాత లీనియరైజ్ లైన్ అలాగే ఉంచితే ప్రింట్ పైకి బాగానే కనిపిస్తుంది, నీడల్లో మాత్రం రెండు మూడు మెట్లు కలిసిపోయి ఉంటాయి. కస్టమర్ పాత పెళ్లి ఫోటో తెచ్చి నల్లకోటు మీద మడతలు కనిపించాలని అడిగినప్పుడు గానీ సంగతి బయటపడదు.

రిప్ లేకుండా అయితే

ఎప్సన్ డ్రైవర్‌లోని అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో ఒక్కో ఇంకుకు లిమిట్ ఇవ్వలేరు. అయినా రెండు దారులున్నాయి. మొదటిది మీడియా టైప్. ఒకే 21 మెట్ల చార్ట్‌ను మూడు నాలుగు మీడియా టైపులతో తీసి కొలవండి. ప్యాకెట్ మీద రాసిన పేరుకు దగ్గరగా ఉందని ఎంచుకోవద్దు, ఏది ఎక్కువ నలుపు ఇస్తూ చివరి మెట్లను విడిగా ఉంచుతుందో దాన్ని తీసుకోండి. ఎంపిక మ్యాట్ టైపుల్లోనే జరగాలి, లేకపోతే ప్రింటర్ ఫోటో బ్లాక్‌కు మారిపోతుంది.

రెండోది పేపర్ కాన్ఫిగరేషన్‌లో ఉన్న కలర్ డెన్సిటీ. మైనస్ 50 నుంచి ప్లస్ 50 దాకా జరపొచ్చు. 0, మైనస్ 5, మైనస్ 10, మైనస్ 15 దగ్గర నాలుగు చార్ట్‌లు తీయండి. మ్యాట్ పేపర్ల మీద ప్లస్ వైపు వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు. అక్కడే డ్రైయింగ్ టైమ్ కూడా ఉంటుంది. హెడ్ ప్రతిసారి వెళ్లొచ్చే మధ్యలో కాస్త ఆగేలా చేస్తే తేమ రోజుల్లో ఇంకు పాకడం తగ్గుతుంది, ప్రింట్‌కు పట్టే టైమ్ పెరుగుతుంది.

ఏది కనిపిస్తే ఏం చెయ్యాలి

నల్లటి చోట చిన్న చక్రాల గుర్తులు పడుతుంటే ఇంకు ఆరకముందే రోలర్లు తగులుతున్నాయి. లిమిట్ 5 తగ్గించండి, పేపర్ మందం సెట్టింగ్ చూడండి. షీట్ అంచు నల్లగా గీరుకుంటే ప్లాటెన్ గ్యాప్ (హెడ్‌కూ పేపర్‌కూ మధ్య ఎడం) పెంచండి, ఆ తర్వాతే లిమిట్ సంగతి. ఫ్రేమ్ కట్టిన కొన్ని వారాలకు అద్దం లోపల మబ్బు పట్టిందంటే ఇంకులోని గ్లైకాల్ ఆవిరి బయటికి పోయే దారి లేక అద్దానికి చేరింది. ఇంకు ఎంత ఎక్కువైతే ఇది అంత ఎక్కువ. ఫ్రేమ్ చేసే ముందు ప్రింట్ మీద మామూలు తెల్లకాగితం పరిచి ఒకటి రెండు రోజులు ఉంచండి. కాగితం అలలు తేలితే తీసేసి కొత్తది పరవండి.

నలుపు ముదురుగానే ఉన్నా మొత్తం ప్రింట్ పసుపుగానో గోధుమరంగులోనో కనిపిస్తే అది లిమిట్ తప్పు కాదు. ఎప్సన్ గ్రే ఇంకులకు సొంతంగా కొంచెం వెచ్చటి ఛాయ ఉంటుంది. దాన్ని టోన్ కోసం కలిపే లైట్ సయాన్, లైట్ మెజెంటా ఇంకులతో సరిచేయాలి, నలుపు పెంచితే పోదు.

చివరగా కర్వ్ ఫైల్ పేరులోనే పేపర్, నలుపు రకం, లిమిట్, రిజల్యూషన్, నెల రాయండి. కొత్త ప్యాకెట్ విప్పినప్పుడల్లా 21 మెట్ల చార్ట్ ఒకటి తీసి చివరి మూడు గడులు కొలవండి. పాతదానికీ దీనికీ తేడా ఎల్ విలువలో 1 లోపు ఉంటే అదే కర్వ్‌తో కొనసాగండి, దాటితే మొదటి అడుగు దగ్గర మొదలుపెట్టండి.